మాన్యుఫ్యాక్టరీ అనే పాత మాట వెంట అయిదు రోజులు

మాన్యుఫ్యాక్టరీ అన్న మాట ఇంగ్లిష్‌లో ఇప్పుడు దాదాపు వాడుక తప్పింది. పాత రశీదుల మీద, పింగాణీ సామాను అడుగున వేసే ముద్రల్లో, రెండొందల ఏళ్ళ నాటి ఉత్తరాల్లో కనిపిస్తుంది. అర్థం అడిగితే ఫ్యాక్టరీ అనే చెబుతారు. తప్పేం కాదు గానీ ఈ రెండు మాటల పుట్టుక వేరు. ఒకదానిలో చెయ్యి ఉంది, రెండోదానిలో లేదు. ఆ తేడా కంటితో చూడాలంటే బర్మింగ్‌హామ్, స్టోక్, డర్బీ, క్రామ్‌ఫర్డ్ ఒక వరసలో తిరగాలి. మే నెలలో అయిదు రోజులు సరిపోయాయి. తిరిగొచ్చిన వారంలోనే రాసిన వివరాలివి.

మొదటి రోజు: హాండ్స్‌వర్త్, బర్మింగ్‌హామ్

ముందొక హెచ్చరిక. ఫోన్‌లో ఉత్త సోహో అని కొడితే మ్యాపు లండన్ చూపిస్తుంది. సోహో హౌస్, హాండ్స్‌వర్త్ అని పూర్తిగా కొట్టాలి. ఊరి నడిబొడ్డు నుంచి ట్రామ్ ఎక్కి సోహో బెన్సన్ రోడ్ స్టాపులో దిగితే అక్కణ్ణించి నడక దూరమే. వారంలో అన్ని రోజులూ తెరవరు, బయల్దేరే ముందే చూసుకోవాలి.

సోహో హౌస్ సోహో మాన్యుఫ్యాక్టరీ యజమాని మాథ్యూ బౌల్టన్ ఇల్లు. 1766 నుంచి 1809లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నాడు. జేమ్స్ వాట్, ఎరాస్మస్ డార్విన్, జోసెఫ్ ప్రీస్ట్లీ లాంటివాళ్ళు ఈ ఇంటి భోజనాల గదిలో కూర్చుని రసాయనాలు, యంత్రాలు, రాళ్ళు, ఆవిరి గురించి మాట్లాడుకునేవారు. పున్నమికి దగ్గరి రోజు చూసి కలిసేవారు. రాత్రి ఇంటికి పోయేటప్పుడు గుర్రబ్బండికి దారి కనపడాలి కదా. అందుకే ఆ బృందానికి లూనార్ సొసైటీ అని పేరు.

ఇల్లు నిలిచింది గానీ, అసలు చూడాలనుకున్న సోహో మాన్యుఫ్యాక్టరీ లేదు. 1760ల్లో కట్టిన ఆ భవనాన్ని నూరేళ్ళు నిండేసరికి పడగొట్టేశారు. ముందు వైపు జమీందారు మేడలా ఉండేదని పాత బొమ్మలు చెబుతాయి. వెనక వరసగా పని గదులు. గుండీలు, బకిల్సు, నశ్యం డబ్బాలు, వెండి తాపడం పళ్ళేలు, బంగారు పూత పూసిన కంచు గడియారపు తొడుగులు అక్కడ చేసేవారు. ఇలాంటి చిన్న లోహపు సామాన్లకి బర్మింగ్‌హామ్‌వాళ్ళు పెట్టుకున్న పేరు టాయ్స్. పిల్లల ఆటబొమ్మలు అనుకుంటే పొరపాటు.

చోటు వెతుకుతూ వీధులు పట్టుకు తిరిగితే రెండుసార్లు దారి తప్పుతుంది, ఎందుకంటే అక్కడ ఇప్పుడున్నవి మామూలు ఇళ్ళ వరసలు. మిగిలిన గుర్తల్లా వీధి పేరొక్కటే: ఫ్యాక్టరీ రోడ్. మాన్యుఫ్యాక్టరీ రోడ్ అని కాదు. మాట ఎలా కురచైందో చెప్పడానికి ఇంతకన్నా మంచి బోర్డు ఇంగ్లండ్‌లో దొరకదు.

మరి ఫ్యాక్టరీ ఎక్కడిది? లాటిన్‌లో ఫాకెరె అంటే చేయడం. యజమాని తరఫున పని చక్కబెట్టేవాడు ఫ్యాక్టర్, అంటే ఏజెంటు. ఆ ఏజెంట్లు పరదేశంలో ఉండే బస, గిడ్డంగి, లెక్కల కచేరీ అన్నీ కలిపితే ఫ్యాక్టరీ. తెలుగువాళ్ళకి ఇది పాఠ్యపుస్తకంలో తగిలిన మాటే. ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో ఫ్యాక్టరీ పెట్టిందని చదివి, పొగగొట్టమూ సైరనూ ఊహించుకోని పిల్లలు అరుదు. ఆ ఫ్యాక్టరీలో గుడ్డ నెయ్యలేదు. నేత ఊళ్ళలో సాలెవాళ్ళ ఇళ్ళల్లో జరిగేది, అద్దకం అద్దకంవాళ్ళ దగ్గర జరిగేది. బందరు ఫ్యాక్టరీలో జరిగింది బయానా ఇవ్వడం, నాణ్యం చూడడం, మూటలు కట్టడం, ఓడకెక్కించడం. కంపెనీ కొలువులో మెట్లు కూడా ఆ లెక్కనే: రైటర్, ఆపైన ఫ్యాక్టర్, ఆపైన జూనియర్ మర్చంట్, సీనియర్ మర్చంట్. మన చరిత్రకారులు దీన్ని వర్తక స్థావరం అని రాయడం సరైన పని.

సరుకు తయారయ్యే చోటిని చెప్పడానికి పదిహేడో శతాబ్దపు ఇంగ్లిష్‌లో మాన్యుఫ్యాక్టరీ వచ్చింది. మానుస్ అంటే లాటిన్‌లో చెయ్యి. దానికి ఫాకెరె కలిపితే మాన్యుఫ్యాక్చర్, చేత్తో చేయడం. ఫ్యాక్టరీ అనే మాట వరస చూసి దాని చివర తగిలించుకుని మాన్యుఫ్యాక్టరీ అయింది. తయారీ చోటికి ఫ్యాక్టరీ అన్న వాడకం కూడా ఆ శతాబ్దంలోనే ఉంది. రెండూ చాలాకాలం పక్కపక్కనే బతికాయి. కాబట్టి మాన్యుఫ్యాక్టరీ నుంచి మొదటి సగం ఊడిపోయి ఫ్యాక్టరీ పుట్టిందని ఎవరైనా చెబితే నమ్మక్కర్లేదు. ఫ్యాక్టరీయే ముందుది.

సోహోకీ తెలుగునేలకీ ఇంకో లంకె ఉంది, గట్టిది. 1788లో బౌల్టన్ సోహోలో ఆవిరితో నడిచే టంకశాల పెట్టాడు. ఉత్తర సర్కారుల్లో చెలామణీకి ఈస్టిండియా కంపెనీ 1794లోనూ 1797లోనూ వేయించిన రాగి నాణేలు అక్కడ ముద్రించినవే. ఒక వైపు కంపెనీ చిహ్నం, ఇంకో వైపు కంపెనీ ముద్ర, రూపాయికి 48 అన్న లెక్క. ఇంగ్లిష్‌వాళ్ళు ఈ నాణేన్ని డబ్ అనేవారు, మన డబ్బే అది. శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు సంతల్లో చేతులు మారిన డబ్బు ఈ ఫ్యాక్టరీ రోడ్ పరిసరాల్లో పుట్టింది. నాణెం అచ్చు పడేటప్పుడు దాని చుట్టూ ఉక్కు వలయం బిగిస్తారు, కాలర్ అంటారు. దెబ్బ పడినప్పుడు రాగి పక్కకి జారకుండా అది పట్టి ఉంచుతుంది. అందుకే సోహో నాణేలన్నీ ఒకే గుండ్రన, ఒకే కొలత. సుత్తి దెబ్బతో వేసిన నాణేనికి ఈ గుణం రాదు, దొంగ నాణెం కలిస్తే కంటికి ఆనదు.

మధ్యాహ్నం తిండికి ఇబ్బంది లేదు. సోహో రోడ్ అంతా పంజాబీ దుకాణాలు, మిఠాయి కొట్లు. రెండు సమోసాలు, ఒక చాయ్ మూడు పౌండ్లలో అయిపోయాయి. కొట్టులో పెద్దావిడ చిల్లర ఇస్తూ బ్యాబ్ అంది. బర్మింగ్‌హామ్‌లో అది మన అమ్మా, నాన్నా లాంటి ఆప్యాయపు పిలుపు, ఎవరినైనా పిలవొచ్చు.

రెండో రోజు: జువెలరీ క్వార్టర్

మాన్యుఫ్యాక్టరీ అంటే లోపల ఏం జరిగేదో తెలియాలంటే పెన్ మ్యూజియానికి పోవాలి. ఫ్రెడరిక్ స్ట్రీట్‌లో ఆర్జెంట్ సెంటర్ అనే 1863 నాటి భవనంలో ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో ప్రపంచం రాసిన సిరా రాతలో పెద్ద భాగం బర్మింగ్‌హామ్ ఉక్కు పాళీలతో రాసిందే. మన తాతల కాలం బళ్ళల్లో సిరాబుడ్డిలో ముంచి రాసిన పాళీ ఇదే జాతి.

ఇక్కడి ప్రత్యేకత ఏమిటంటే పాళీ చేయడం చూపించి ఊరుకోరు, మన చేత చేయిస్తారు. బల్ల మీద స్క్రూ ప్రెస్సులు వరసగా బిగించి ఉంటాయి. పైన అడ్డపిడి, దాని చివర బరువు గుండు. పిడి లాగితే మర తిరిగి అచ్చు కిందికి దిగుతుంది.

పని వరస ఇలా. పలచగా సాగదీసిన ఉక్కు రేకు పట్టీని ఎడమ చేత్తో తోస్తూ కుడి చేత్తో పిడి లాగితే ఆకు ఆకారంలో బిళ్ళ తెగి పడుతుంది. పట్టీని ఒకసారి ఈ వైపు నుంచి, తిప్పి ఆ వైపు నుంచి తొయ్యాలి, అప్పుడు ఒక బిళ్ళ మొన రెండో బిళ్ళ మొనల సందులో ఇరుక్కుని రేకు వృథా కాదు. రెండో ప్రెస్సు మీద నడిమి రంధ్రం పొడుస్తారు. ఇది అలంకారం కాదు. తరవాత వేసే చీలిక అక్కడ ఆగాలి, లేకపోతే చీలిక పైకి పాకి పాళీ రెండు ముక్కలవుతుంది. కొంచెం సిరా నిలవడానికీ, మొన వంగడానికీ కూడా అదే ఆధారం. ఆ తరవాత బిళ్ళల్ని కాల్చి నెమ్మదిగా చల్లార్చి మెత్తబరుస్తారు. మెత్తబడ్డాకే కంపెనీ పేరు ముద్ర, ఆపైన వంపు. వంపు పెట్టే అచ్చు రెండు భాగాలు, పైది ఉబ్బు, కిందిది గుంట. బిళ్ళ ఒక్క వెంట్రుకవాసి పక్కకి జరిగి కూర్చుంటే పాళీ వంకరపోతుంది. కొత్తవాళ్ళ పాళీలన్నీ చెడేది ఇక్కడే.

వంపు తిరిగిన పాళీలని ఇనప పెట్టెలో ఎర్రగా కాల్చి నూనెలో గుమ్మరిస్తారు. గట్టిపడతాయి గానీ గాజులా పెళుసుగా ఉంటాయి, వేలితో వంచితే పుటుక్కుమంటాయి. వాటిని గుండ్రటి డ్రమ్ములో పోసి నిప్పు మీద తిప్పుతూ మళ్ళీ వేడి చేస్తారు. ఉక్కు మీద రంగు మారుతూ పోతుంది, ముందు ఎండుగడ్డి పసుపు, తరవాత గోధుమ, తరవాత నీలం. ఎక్కడ ఆపాలో ఆ రంగే చెబుతుంది. ముందే దించేస్తే రాసేటప్పుడు మొన విరుగుతుంది. ఆలస్యం చేస్తే ఉక్కు మెత్తనై, రాత నొక్కినప్పుడు విడిన మొనలు మళ్ళీ దగ్గరకి రావు. ఆ తరవాత తోమడం, మొన దగ్గర సానపట్టడం (సిరా జారిపోకుండా ఆ గీతలు పట్టి ఉంచుతాయి), చిట్టచివర చీలిక. చీలిక కూడా ప్రెస్సు మీదే. రెండు ఉక్కు పలకల అంచులు కత్తెరలా ఒకదాన్నొకటి రాసుకుంటూ దిగుతాయి. ఆ చీలిక సరిగ్గా రంధ్రం నడుమకి చేరాలి.

ఈ ప్రెస్సుల ముందు కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. ఒకావిడ జీవితమంతా బిళ్ళ కొయ్యడమే, ఇంకొకావిడది చీలిక వెయ్యడమే. పనివేళ మాట్లాడితే జరిమానా వేసేవారు. లెక్క గ్రోసుల్లో, గ్రోసంటే 144. ఆవిరి యంత్రం రేకు సాగదీసింది, సాన తిప్పింది. కానీ కొయ్యడం, పొడవడం, వంచడం, చీల్చడం నూరేళ్ళు చేతులే చేశాయి. అచ్చు పనిముట్టే, దాన్ని నడిపే లెక్క మాత్రం వేళ్ళది. మాన్యుఫ్యాక్టరీకి ఇంత సరిపడే నమూనా ఇంకొకటి లేదు. ఒక కప్పు, దాని కింద చాలామంది, పని ముక్కలు ముక్కలుగా పంచుకోవడం, ప్రతి ముక్కా చేతిది.

పరిమాణంతో ఈ మాటకి పని లేదు. 1776లో ఆడమ్ స్మిత్ గుండుసూదుల పని గురించి రాసినప్పుడు పదిమంది ఉన్న చిన్న కొట్టునే మాన్యుఫ్యాక్టరీ అన్నాడు. ఆ పదిమందీ పని పంచుకుని రోజుకి 48,000 సూదులు చేసేవారని ఆయన లెక్క. అదే మాట వందల మంది ఉన్న సోహోకీ చెల్లింది.

తెలుగులో ఈ మాటని పట్టుకోవడం ఇంగ్లిష్‌వాళ్ళకన్నా మనకే తేలిక. మనకి చెయ్యి, చెయ్యడం ఒకే చప్పుడు. తమిళంలో కై వేరు, చెయ్ వేరు. తెలుగులో కై కాస్తా చెయ్యిగా మారి రెండూ పక్కపక్కకి వచ్చాయి. చేనేత అన్నప్పుడు మొదటి చే చెయ్యిదే. ఆ వరసలో మాన్యుఫ్యాక్చర్‌ని చేచేత అనొచ్చు. ఇక కార్ఖానా, కర్మాగారం చూస్తే, పారసీక కార్, సంస్కృత కృ ఒకే మూలానివి. రెండింటికీ అర్థం పని ఇల్లు. వాటిలో చెయ్యి లేదు. అందుకే రాజమండ్రిలో 1930ల నుంచి ఎబొనైట్ కడ్డీని లేతు మీద చేత్తో చెక్కి చేస్తున్న రత్నం పెన్నుల కొట్టుని కర్మాగారం అంటే చెవికి అతకదు. మాన్యుఫ్యాక్టరీ అంటే అతుకుతుంది.

సాయంత్రం బాల్టీ అనే కూర తినాలి. పలచటి ఉక్కు రేకుని ప్రెస్సులో వంచి చేసిన గిన్నె, అందులోనే పెద్ద మంట మీద వండి అదే గిన్నె బల్ల మీదకి తెస్తారు. స్పార్క్‌బ్రూక్ వైపు హోటళ్ళు ఎక్కువ. అన్నం బదులు నానుతో తినమంటారు, ఆ మాట వినడమే మంచిది. గిన్నె అంచు ముట్టుకోవద్దు, కాలుతుంది.

మూడో రోజు: లాంగ్టన్, స్టోక్-ఆన్-ట్రెంట్

స్టోక్ ఒక్క ఊరు కాదు, ఆరు పట్టణాలు కలిసిన ఊరు. స్టోక్ స్టేషన్‌లో దిగి నడిచిపోదామనుకుంటే కుదరదు. గ్లాడ్‌స్టన్ పాటరీ మ్యూజియం లాంగ్టన్‌లో ఉంది, లోకల్ రైలు గానీ బస్సు గానీ ఎక్కాలి. బస్సు డ్రైవర్ మగా ఆడా తేడా లేకుండా అందరినీ డక్ అని పిలుస్తాడు. బాతు అనుకుని చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

పొద్దుటి తిండి ఓట్‌కేక్. స్కాట్లండ్ ఓట్‌కేక్ గట్టి బిస్కట్, దీనికీ దానికీ సంబంధం లేదు. ఓట్ల పిండి, గోధుమ పిండి, ఈస్టు కలిపి పులియబెట్టిన పిండిని పెనం మీద గుండ్రంగా పోస్తారు. మన దోసె పోసే పద్ధతే, మెత్తగా, కన్నాలు కన్నాలుగా వస్తుంది. లోపల చీజ్, బేకన్ పెట్టి మడుస్తారు. మాంసం వద్దనేవాళ్ళకి చీజ్, పుట్టగొడుగులు. ఇద్దరికి తొమ్మిది పౌండ్లలోపే అయింది. పదకొండు దాటాక వెళ్తే కొన్ని కొట్లలో పెనం ఆర్పేస్తారు.

స్టోక్‌వాళ్ళు తమ కుండల కార్ఖానాని పాట్‌బ్యాంక్ అంటారు. కాగితాల మీద మాన్యుఫ్యాక్టరీ, నోట్లో పాట్‌బ్యాంక్. జోసయ్య వెడ్జ్‌వుడ్ 1769 జూన్‌లో ఎట్రూరియా పేరుతో కొత్త కార్ఖానా తెరిచిన రోజు స్వయంగా సారె ముందు కూర్చుని ఆరు కలశాలు చేశాడు. భాగస్వామి బెంట్లీ చక్రం తిప్పాడు. ఆ తరవాత ఆ కప్పు కింద ఒక్క మనిషీ మొదలు నుంచి చివరిదాకా ఒక గిన్నె చెయ్యలేదు. మట్టి కలిపేవాడు, సారె తిప్పేవాడు, పిడి అతికేవాడు, రంగు వేసేవాడు, అందరూ వేరు.

గ్లాడ్‌స్టన్‌లో చూడాల్సినవి సీసా ఆకారపు ఆవాలు, అంటే కుండలు కాల్చే బట్టీలు. బయట నుంచి కనిపించే సీసా ఆవం కాదు, అది పొగ లాగే తొడుగు, గాలివానల నుంచి కాపు. లోపల ఇంకో గుండ్రటి గది ఉంటుంది, కాల్పు జరిగేది అందులో. చుట్టూ నిప్పు నోళ్ళు.

కుండల్ని నేరుగా మంటలో పెట్టరు. మసి, బూడిద అంటుకుంటాయి. సగ్గర్ అనే ముతక మట్టి డబ్బాల్లో సర్ది ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. రెండు సగ్గర్ల మధ్య మెత్తటి మట్టి తాడు చుట్టి సందు మూస్తారు. ఆ మట్టి తాడు ఎండిపోయి పగిలినా, పేర్చినప్పుడు స్తంభం ఏ కాస్త వాలినా, లోపలి సరుకు పొగచూరుతుంది లేదా కాల్పు మధ్యలో స్తంభమే కూలుతుంది. సగ్గర్ అడుగు చేయడానికి ఇనప చట్రంలో మట్టి వేసి కొయ్య సుత్తితో బాదే పని కుర్రాళ్ళది. ఆ కొలువుకి సగ్గర్ మేకర్స్ బాటమ్ నాకర్ అని అధికారికంగానే పేరు.

నింపే మనుషులు సగ్గర్ని నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కేవారు. నిండు సగ్గర్ పాతిక కిలోల దాకా తూగుతుంది. టోపీలో మేజోళ్ళు చుట్ట చుట్టి పెట్టుకునేవారు, అచ్చం మన చుట్టకుదురు. మ్యూజియంలో ఒకటి పెట్టి ఉంచారు. నెత్తిన బిందె మోసినవాళ్ళకి వేరే వివరణ అక్కర్లేదు.

ఆవం నిండాక వాకిలిని ఇటుకలతో మూసి మట్టి మెత్తుతారు. ఒక కాల్పుకి పది నుంచి పదిహేను టన్నుల బొగ్గు, రెండు మూడు రోజుల మంట. లోపలి వేడి తెలుసుకోవడానికి బుల్లర్స్ రింగులు అనే మట్టి ఉంగరాలు పెడతారు. మధ్య మధ్య ఒకటి కడ్డీతో బయటకి లాగి ఎంత కుంచించుకుపోయిందో కొలుస్తారు. వేడి ఎక్కువైతే ఉంగరం ఇంకా చిన్నదవుతుంది. మంటల మనిషి ఆ మూడు రోజులూ సరిగ్గా నిద్రపోడు, ఎందుకంటే ఒక్క కాల్పు చెడితే నెల రోజుల పని బూడిద.

1956లో పొగ మీద చట్టం వచ్చాక ఈ ఆవాలు చల్లారాయి. 1978లో ఒకసారి, ఆ విద్య తెలిసిన ముసలివాళ్ళు బతికుండగానే చూపించాలని చివరి కాల్పు చేశారు. ఒకప్పుడు రెండు వేలకి పైగా ఉన్న సీసాల్లో ఇప్పుడు యాభై కూడా లేవు. పక్కనే పువ్వులు అతికే ఆవిడ బల్ల ఉంటుంది, తప్పకుండా ఆగాలి. మట్టి ఉండని అరచేతిలో పెట్టి బొటనవేలితో నొక్కితే రేక. అయిదు రేకలు చుట్టితే గులాబీ. ఆ రేకల మీద వేలిముద్ర గీతలు కాల్పు తరవాత కూడా మిగులుతాయి.

జర్మన్, ఫ్రెంచి భాషలు ఈ మాటని వదల్లేదు. మైసెన్ పింగాణీ సంస్థ ఇప్పటికీ మానుఫాక్టూర్ అనే రాసుకుంటుంది, ఫ్రాన్స్‌లో సెవ్ర్ సంస్థ పేరులోనూ మాన్యుఫాక్త్యూర్ ఉంది. అక్కడ ఆ మాటకి చేతిపని గౌరవం అంటుకుని ఉంది. ఇంగ్లిష్ ఒక్కటే పారేసుకుంది.

నాలుగో రోజు: డర్బీ, బెల్పర్

డర్బీలో నది ఒడ్డున మ్యూజియం ఆఫ్ మేకింగ్. లోంబ్ సోదరుల పట్టు మిల్లు ఉన్న చోటు ఇది, 1721 నాటికి పూర్తయింది. పట్టుదారానికి పురి పెట్టే యంత్రాలన్నిటినీ నదిలో ఒక చక్రం తిప్పేది. తరవాత భవనం కాలిపోయింది, మళ్ళీ కట్టారు. పాత పునాది కమానులు మాత్రం కిందికి వంగి చూస్తే కనిపిస్తాయి. ఇక్కడ గమనించాల్సింది పేరు: మిల్లు. మొదట పిండి మరకి ఉన్న పేరు, నీటి చక్రం ఉంది కాబట్టి దీనికీ వచ్చింది. చెయ్యిని బట్టి కాకుండా చక్రాన్ని బట్టి కార్ఖానాకి పేరు పెట్టడం ఇక్కడ కనిపిస్తుంది.

బెల్పర్ రైల్లో కాసేపే. నార్త్ మిల్ 1804లో కట్టింది. అంతకు ముందున్న కొయ్య దూలాల మిల్లు 1803లో తగలబడింది. దూది ధూళి, నూనె, దీపం మూడూ ఒక చోట ఉంటే అంతే. విలియం స్ట్రట్ ఇనప స్తంభాలు, ఇటుక కమానులతో తిరిగి కట్టాడు. ఈ మధ్య మిల్లు లోపలికి వెళ్ళే వీలు తరచూ మారుతోంది. బయట గుర్రపునాడా ఆకారపు ఆనకట్ట మాత్రం ఎప్పుడైనా చూడొచ్చు.

అయిదో రోజు: క్రామ్‌ఫర్డ్

స్టేషన్ నుంచి మిల్లుకి పావుగంట నడక. ప్రాంగణంలోకి ఊరికే వెళ్ళొచ్చు, మనిషి వెంట వచ్చి చూపించాలంటే టికెట్టు. ఆ డబ్బు పెట్టాల్సిందే, లేకపోతే ఇవి ఉత్త రాతి గోడలు.

రిచర్డ్ ఆర్క్‌రైట్ 1771లో ఇక్కడ నూలు మిల్లు మొదలుపెట్టాడు. ఈ మారుమూల ఎందుకంటే నీళ్ళ కోసం. కొండలోని సీసపు గనుల్లో ఊరే నీటిని బయటకి పంపే సొరంగం ఒకటి ఇక్కడ తెరుచుకుంటుంది. భూగర్భం నుంచి వచ్చే నీరు కాస్త వెచ్చగా ఉంటుంది, చలికాలంలో గడ్డకట్టదు. చక్రం ఏడాది పొడుగునా తిరుగుతుంది. సోహోలో బౌల్టన్ కష్టం దీనికి తలకిందులు: వేసవిలో వాగు ఎండి గుర్రాలతో తిప్పించుకోవాల్సి వచ్చేది. ఆయన వాట్ ఆవిరి యంత్రం మీద డబ్బు పెట్టడానికి ఒక కారణం ఆ ఎండిన వాగే.

లోపల వాటర్ ఫ్రేమ్ అనే నూలు వడికే యంత్రం నమూనా ఉంది. దాని గుట్టంతా రోలర్లలో ఉంది. దూది తాడు జంట రోలర్ల మధ్య నుంచి పోతుంది, ఒక జంట కన్నా తరవాతి జంట వేగంగా తిరుగుతుంది, దాంతో తాడు సాగి సన్నబడుతుంది. పై రోలర్‌కి తోలు, కింది రోలర్‌కి గాళ్ళు, జారకుండా పై నుంచి బరువు వేలాడుతుంది. జంటల మధ్య ఎడం దూది పోగు పొడుగుకి సరిపోవాలి. ఎడం తక్కువైతే ఒకే పోగుని రెండు జంటలూ పట్టుకుని తెంపేస్తాయి. ఎక్కువైతే మధ్యలో పోగుల్ని పట్టేవాళ్ళుండక దారం ఒక చోట లావు, ఒక చోట సన్నం అవుతుంది. పొందూరులో వాలుగ చేప దవడతో దూది దువ్వి, రాట్నం మీద వడికే ఆవిడ ఆ ఎడాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చూసుకుంటుంది. ఆర్క్‌రైట్ ఆ రెండు వేళ్ళ స్థానంలో రోలర్లు పెట్టాడు. చెయ్యి పనిలోంచి తప్పుకున్న చోటు కచ్చితంగా అది.

అంతవరకు ఇంగ్లండ్‌లో వడికిన నూలుకి పడుగుగా నిలిచే బలం లేదు, నార దారంతో పడుగు పెట్టి నూలు పేకగా వేసేవారు. పడుగుకీ పేకకీ నూలే వాడిన గుడ్డ కావాలంటే మన దేశం నుంచి పోవాల్సిందే. వాటర్ ఫ్రేమ్ దారం పడుగుకి నిలిచింది.

మిల్లు గోడలు కోటలా ఉంటాయి, వీధి వైపు కింది అంతస్తులో కిటికీలు లేవు. రెండు షిఫ్టులు, రాత్రీ పగలూ. వేళకి గేటు మూసేవారు, ఆలస్యమైతే కూలి పోయినట్టే. పనివాళ్ళలో ఎక్కువమంది పిల్లలు, ఆడవాళ్ళు. ఆ పిల్లల కోసమే చట్టాలు వచ్చాయి, ఆ చట్టాలే మాట తలరాత కూడా రాశాయి. 1802 చట్టం, 1833 చట్టం రెండింటిలోనూ ఉన్నవి మిల్లులు, ఫ్యాక్టరీలు. 1844 చట్టం ఫ్యాక్టరీకి నిర్వచనం ఇచ్చింది: నీరు గానీ ఆవిరి గానీ మరో యంత్రశక్తి గానీ నడిపే బట్టల తయారీ చోటు. 1867లో చిన్న చోట్లకి వర్క్‌షాప్ అనే పేరు పెట్టారు. ఇన్‌స్పెక్టరు రాసే కాగితం మీద ఫ్యాక్టరీ ఉంది, వర్క్‌షాప్ ఉంది, మాన్యుఫ్యాక్టరీకి గడి లేదు. మన 1948 చట్టం కింద కరెంటు ఉంటే పదిమంది, లేకపోతే ఇరవైమంది ఉన్నా ఫ్యాక్టరీయే అయ్యేది. అంటే కేవలం చేతులతో పనిచేసే ఇరవైమంది కొట్టుకి కూడా చెయ్యి లేని పేరే ఉండేది. ఆవిరి వచ్చాక కూడా జనం మాన్యుఫ్యాక్టరీ అని చాలాకాలం అన్నారు. నిలబడలేకపోవడానికి కారణం చట్టపు భాష అనే నా నమ్మకం.

నరసాపురం దగ్గర మాధవాయపాలెంలో కంపెనీకి పాత అర్థంలో ఒక ఫ్యాక్టరీ ఉండేది, బట్ట కొనే కొట్టు. ఇంగ్లిష్‌వాళ్ళ నోట ఆ ఊరు మడపొల్లం అయింది, అక్కడి తెల్లటి మెత్తని గుడ్డకీ అదే పేరు. తరవాత లాంకషైర్ మిల్లులు తాము నేసిన గుడ్డని కూడా మడపొల్లం పేరుతోనే అమ్మేవి. ఇంగ్లిష్ నిఘంటువులో మాట ఇంకా ఉంది.

సొరంగం నీళ్ళు ఇప్పటికీ మిల్లు వాకిట్లోంచి పారుతున్నాయి, చెయ్యి పెడితే మేలో కూడా నిలకడైన చల్లదనం. పక్కన కాలవ గట్టు మీద బాతులు, బల్లలు. డర్బీకి రైలు గంటకొకటే. ఇది తప్పితే తరవాతిదాకా ఆ గట్టు మీద కూర్చోవాలి, కాబట్టి మ్యూజియం కాఫీ కొట్టు మూసేలోపే తినడానికి ఏదైనా కొనుక్కోవడం మంచిది.